ఎత్తిన చేయి కనబడాలి

వేలు తెగిన సంగతి నా పక్కన మాంసం కోస్తున్న తేజశ్రీకే తెలియలేదు. మాంసం మీద నెత్తురు కారుతుంటే చూసి నేనే అరిచాను. కెనడాలో కాల్గరీ బయటున్న ఈ మాంసం ఫ్యాక్టరీలో, కదిలే బెల్ట్ ముందు నిలబడి కోస్తుంటే చలికి మా వేళ్లు మొద్దుబారిపోతాయి. చేతిలో కత్తి ఉందో లేదో చూసుకుంటే గానీ తెలియదు.

"బెల్ట్ ఆపు అన్నా!" అన్నాను సూపర్‌వైజర్ యోగానంద్‌తో. ఆయనది గుంటూరు.

"బెల్ట్ ఆపితే నా ఉద్యోగం పోద్దమ్మా చంద్రికా. ప్లాస్టర్ వేసుకోమను."

నెత్తురంటిన ముక్కను మాత్రం జాగ్రత్తగా తీయించాడు. మాంసానికున్న విలువ మాకు లేదు.

మాలో ఎక్కువమందిమి స్టూడెంట్లం. చేతులు కాచుకోవడానికి గంటకోసారి బ్రేక్ కావాలని చీటీలు రాసి సలహాల డబ్బాలో వేశాం. ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ రాకుండా పోతుందన్న భయంతో పేర్లు రాయలేదు. యోగానంద్ ఆ డబ్బాను చెత్తబుట్టలో బోర్లించాడు.

"ఎవర్రా రాసింది? రండి ముందుకి."

ఎవరం కదల్లేదు. నాకు సిగ్గు కూడా వేయలేదు. మొద్దుబారింది వేళ్లొక్కటే కాదు.

మా పక్కన మికాయెలా కోసేది. గ్వాటెమాలా కొండల్లోని మాయా ఆదివాసీ. లంచ్ రూమ్‌లో వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

"మా నేల కింద నికెల్ ఉందని ఈ దేశం కంపెనీ వచ్చింది. ఊరంతా మైదానంలో చేరి, వద్దని చేతులెత్తాం. పిల్లలు కూడా. చీటీల్లేవు. ఎత్తిన చేయి అందరికీ కనబడాలి."

"తర్వాత?"

"కంపెనీ గార్డులు నా భర్తను కాల్చారు. మళ్లీ చేరాం. మళ్లీ ఎత్తాం."

ఆమె ఏడవలేదు. ఆ కంపెనీని కోర్టుకీడ్చడానికే ఈ దేశం వచ్చింది. కేసు తేలేదాకా కడుపు నిండాలి కదా, ఇక్కడ చేరింది.

మర్నాడు పని మధ్యలో కత్తి కింద పెట్టి చేయెత్తింది. "బ్రేక్!" అంది. యోగానంద్ సెక్యూరిటీని పిలిచాడు. ఆమె వర్క్ పర్మిట్ ఈ ఫ్యాక్టరీ పేరు మీదే ఉంది. ఉద్యోగం పోతే దేశం వదలాలి, కేసు పట్టించుకునే మనిషే ఉండడు. అదంతా తెలిసే ఎత్తింది.

ఇద్దరు గార్డులు ఆమె రెక్కలు పట్టుకుని ఈడ్చుకుపోతున్నారు. అప్పుడు తేజశ్రీ కట్టు కట్టిన చేయెత్తింది.

"దించమ్మా, పీఆర్ పోద్ది!"

"పోతే పోనీ అన్నా. నా వేలు తెగినప్పుడు నువ్వేం ఆపినవ్?"

అటు పంజాబీ ఆమె ఎత్తింది. ఇటు ఫిలిప్పీన్స్ పెద్దాయన ఎత్తాడు. వరసగా కత్తులు కిందికి దిగాయి. కోసేవాళ్లు లేక మాంసం బెల్ట్ చివర కుప్పపడింది. కాసేపు మూలిగి బెల్ట్ ఆగిపోయింది. తలుపు దగ్గర మికాయెలా వెనక్కి తిరిగి మా అందరినీ చూసింది.

నా చేయి సంగతి నాకు తెలియలేదు. స్పర్శ లేదు. తలెత్తి చూసుకున్నాను. పైనే ఉంది.