ఇరవై కిలోల రాయి

"మూడు వందల గ్రాములు పెరిగావు," అన్నాడు భర్త, క్యాలెండర్లో ఆ ఆదివారం గడిలో అంకె వేస్తూ.

రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఇదే తంతు. స్నానాల గది పక్కన బరువు చూసే మెషీన్, దాని మీద ఆమె, ఎదురుగా పెన్ను పట్టుకుని ఆయన. వంటింట్లోంచి అత్తగారి వ్యాఖ్యానం అదనం. "కొత్తలో ఎలా ఉండేది, ఇప్పుడెలా అయింది," అని ఆవిడ గోడకు చెప్పుకునేది. ఆపాటికే ఆమె రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేసి ఉండేది. ఆ బకెట్లను మాత్రం ఎవరూ తూచలేదు.

నిజానికి మూడు వందల గ్రాములంటే ఏమిటో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాస్త తడి జుట్టు, తాగిన గ్లాసుడు నీళ్ళు. ఆమె తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరు. అక్కడ మిల్లీగ్రాముల తూకపు రాళ్ళను, అంటే చిన్న రేకు ముక్కలను, చేత్తో ముట్టుకోనివ్వరు, చెమట అంటితే తూకం మారుతుందని పట్టకారుతో తీస్తారు. ఆ రేకు ముక్కకు దక్కే మర్యాదలో వెయ్యో వంతు ఇంట్లో నాకు దక్కితే చాలుననుకుని నవ్వుకునేది. గోదాముల్లో కాటాలు పరీక్షించడానికి వెళ్తే యజమానులు ఆమె వెనక్కి చూసి "సార్ రాలేదా?" అనేవాళ్ళు. ఆమె ఇరవై కిలోల రాళ్ళు పది ఎత్తి కాటా మీద పెట్టేది. రోజుకు అయిదు కాటాలు, అంటే సాయంత్రానికి ఒక టన్ను. ఆ టన్నును ఎత్తింది ఈ ఒళ్ళే. క్యాలెండర్లో ఆ సంగతికి గడి లేదు.

"వచ్చే వారం నుంచి పాపను కూడా ఎక్కిద్దాం. పదేళ్ళొచ్చాయి, అంతా నీ పోలికే," అన్నాడు భర్త.

"ఇప్పట్నుంచే అదుపులో పెట్టాలి మరి," అంది అత్తగారు లోపల్నుంచి.

గుమ్మంలో నిలబడి వింటున్న పాప, జడకున్న రెండు క్లిప్పులూ తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి కూడా బరువేగా అమ్మా," అంది మెల్లగా. రెండూ కలిపి నాలుగు గ్రాములుండవు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది, భర్త మీద కంటే ముందు తన మీదే. రెండేళ్ళు నోరు మూసుకుని ఎక్కి దిగి, పిల్లకు తనే నేర్పింది.

ఆ వారం ఆఫీసులో ఒక ఇరవై కిలోల ఇనుప రాయిని పక్కన పడేశారు. వాడి వాడి పది గ్రాములు అరిగింది, పరీక్షలకు పనికిరాదు. పై అధికారిని అడిగి, కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంది.

ఆదివారం అందరికంటే ముందు లేచి దాన్ని మెషీన్ మీద పెట్టింది. మెషీన్ తప్పు చూపిస్తే బాగుండునని లోపల ఎంత ఆశో. పది గ్రాముల తేడా అందని ఆ ఇంటి మెషీన్ సరిగ్గా ఇరవై చూపించింది. ఒక్క క్షణం నీరుగారిపోయి, అంతలోనే సిగ్గుపడింది. తప్పు చూపిస్తే ఏం చేసేది? నేను రెండు కిలోలు తక్కువేనండీ అని మొగుడితో వాదించేది. వాదించడమంటే మళ్ళీ ఆ మెషీన్ ఎక్కడమే కదా. రాయిని అక్కడే వదిలేసి, పాపకు జడ వేసి, క్లిప్పులు గట్టిగా పెట్టింది.

భర్త పెన్నుతో వచ్చాడు. "ఏమిటిది? మెషీన్ తప్పని చూపించడానికా?"

"లేదండీ. మెషీన్ సరిగ్గానే ఉంది."

"మరి తియ్యి. పాపను రమ్మను."

"పాప ఎక్కదు. నేనూ ఎక్కను."

ఆయన వంగి ఒంటిచేత్తో రాయిని జరపబోయాడు. అది కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేస్తే కాస్త పక్కకు జరిగింది, ఆయన నడుం పట్టుకుని లేచాడు. ఆమె వచ్చి, ఒక చేత్తో రాయిని లేపి, మెషీన్ నడిమధ్యకు సర్దింది. పాప కళ్ళు విప్పార్చుకుని చూస్తోంది.

"ఇక నుంచి ప్రతి ఆదివారం దీన్ని చూసి రాసుకోండి," అంది ఆమె, క్యాలెండర్ ఆయన చేతికిస్తూ. "ఎన్నేళ్ళు తూచినా ఒక్క గ్రాము పెరగదు. ఎదురూ చెప్పదు."