మంచి మాట దాకా

ఫ్రీహా కదురును తొడ మీద దొర్లించి వదిలింది. అది గిర్రున తిరుగుతూ దిగుతుంటే పసుపు పట్టుదారం చుట్టూ సన్నని బంగారు రేకు చుట్టుకుంటోంది. ఫేజ్ నగరంలో మెల్లా అనే యూదుల వాడలో చాలామంది ఆడవాళ్ళకు ఇదే కూడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రేకు కోసి కోసి ఆమె వేళ్ళ కొసలు బండబారిపోయాయి. ఇప్పుడు చుడుతున్న జరీ ఎదురుగా ఉన్న ప్రార్థనాలయం తెరకు. జంట జింకలు, పావురం, ద్రాక్షతీగ, అన్నీ పవిత్ర గ్రంథంలోని పాత ప్రేమపాటలోవే.

శుక్రవారం సాయంత్రం, ఏ పనీ ముట్టని శబ్బాతు రోజు మొదలయ్యే ముందు, మగవాళ్ళు ఆ పాటను తలా ఒక భాగం పాడతారు. అది దేవుడికీ తమకూ ఉన్న ప్రేమేనని పెద్దలంటారు. ఫ్రీహాకు మాత్రం అది మొగుడి గొంతు. మెస్సోద్‌కు తండ్రినుంచి వచ్చిన భాగం ఐదోది. ప్రియుడు తలుపు తడతాడు, ఆమె లేచి తీసేసరికి ఉండడు, వెతుక్కుంటూ వీధిన పడితే కావలివాళ్ళు కొట్టి మేలిముసుగు లాక్కుంటారు. చెడ్డ మాట దగ్గర ఆపకూడదని కట్టుబాటు. ఆపితే ఆ చెడు పాడినవాడి ఇంటికే వస్తుందని భయం. ఊపిరి బిగబట్టయినా మంచి మాట దాకా పోవాలి. ఆ ఊపిరే ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ మెస్సోద్‌కు చాలడం లేదు.

"ఈ వారానికి మీ తమ్ముడు మీమూన్‌కి ఇచ్చెయ్యండి," అంది అతని అంగీ గుండీలు పెడుతూ.

"వాడి గొంతుకా? పాటలో పిల్ల అది విని లోపల గడియ పెట్టుకుంటుంది."

"ఎగతాళి చాలు. మెట్లెక్కితేనే ఆయాసపడుతున్నారు."

"మా నాన్న ఇచ్చిన వాటా అది. నేనున్నన్నాళ్ళూ నాదే."

ఆమెకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. మొండిమనిషి, ఎప్పుడు విన్నాడు గనక.

పొద్దు వాలింది. సందు ఎంత ఇరుకంటే కిటికీలోంచి చెయ్యి చాపితే ప్రార్థనాలయం గోడ తగులుతుంది. ఫ్రీహా దీపం వెలిగించి కిటికీ దగ్గర నిలబడింది. లోపల మెస్సోద్ పాట ఎత్తుకున్నాడు. ప్రియుడు తలుపు తట్టాడు. గొంతు బాగానే ఉంది. పిల్ల వీధిలోకి వచ్చింది. గొంతు జీరబోయింది. కావలివాళ్ళు కొట్టారు, మేలిముసుగు లాగారు.

ఆగిపోయింది.

ఫ్రీహా కిటికీ ఊచ పట్టుకుంది. అతను దగ్గలేదు, దగ్గినా బాగుండేది. లోపల బల్ల జరిగింది, ఎవరో నీళ్ళన్నారు. తర్వాతి ముక్క ఎవరూ అందుకోలేదు. ఆడది మగవాళ్ళ ఎదుట పాడకూడదు. ఆ సంగతి తెలియక కాదు, తెలిసే ఎత్తుకుంది. ప్రియుడి అందం చెప్పే చోటు దాకా, ఆ జుట్టూ కళ్ళూ చెంపలూ అన్నీ పాడింది. ఎవరూ వారించలేదు.

చీకటి పడ్డాక మీమూన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఒక రొట్టె ఇవ్వు."

శబ్బాతు నాడు శవాన్ని ఉత్తినే కదపకూడదు. మీద రొట్టె ఉంచితే రొట్టెను మోసినట్టు లెక్క. అది వాడలో చిన్నపిల్లలకీ తెలుసు. ఎందుకని ఆమె అడగలేదు.

"నేను పాడింది ఆయన విన్నారా?"

"విన్నాడు వదినా," అన్నాడు మీమూన్, ఆమె మొహం చూడకుండా.

నలుగురు మోసుకొచ్చి చల్లని గచ్చు మీద పడుకోబెట్టి వెళ్ళిపోయారు. ఏడవాలనుకుంది, ఏడుపు రాలేదు. అతని పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయింది. అతని గుండెల మీద, పైకీ కిందికీ కదలకుండా, రొట్టె.