పుట్టింటివాళ్ల దాహం

నేను ఒక కిరసనాయిలు డబ్బాను. అప్పుడే మొహం చిట్లించకండి. కత్తులూ కిరీటాలూ తమ గొప్పలు చెప్పుకుంటే చెవులు రిక్కించి వింటారు కదా, రేకు డబ్బా నోరు విప్పేసరికే ఆవులింత వచ్చిందా? నా కథలో కిరీటాలు లేవు. నీళ్లున్నాయి, అంతే.

పుట్టింది అమెరికాలో, పొగగొట్టాల నీడన. రేకు కత్తిరించి, మడిచి, మాటు వేసి, కడుపునిండా నూనె పోసి ఓడెక్కించారు. ఆ రోజుల్లో మా దేశపు పెద్దమనుషులకు ఒక వింత జాలి పట్టుకుంది. సముద్రం అవతల ఏ దీవి కనబడ్డా సరే, "అయ్యో, వీళ్లను చూసుకునే దిక్కులేదే!" అని గుండె కరిగిపోయేది. కరిగిన చోటల్లా వాళ్ల జెండా లేచేది. హవాయిలో రాణిని గద్దె దించి ఆ దీవుల్ని కలిపేసుకున్నారు. క్యూబానూ ఫిలిప్పీన్సునూ స్పెయిన్ చెర విడిపిస్తామని యుద్ధనౌకలు పంపారు. వాటికంటే ముందు మా నూనె డబ్బాలు వెళ్లాయి లెండి.

ఫిలిప్పీన్సులో లుజాన్ అనే పెద్ద దీవి ఉంది. అక్కడ చెరుకు తోటల మధ్య ఒక పల్లె. గోరియో అనే రైతు నూనె అయిపోయిన నన్ను సంతలో కొని, పైరేకు కోసేసి, పట్టుకోవడానికి అడ్డంగా కర్ర బిగించి, భార్య ఇసియాంగ్ చేతికిచ్చాడు. పొద్దున నీళ్లు, మధ్యాహ్నం వడ్లు, సాయంత్రం పందికి కుడితి. ఒళ్లు హూనమయ్యేది కానీ ఆ ఇంట్లో సుఖంగా ఉన్నాను, అబద్ధమెందుకు. గడపలోకి వచ్చినవాళ్లకు నీళ్లివ్వకుండా "ఏం పని మీద వచ్చారు" అని అడగడం వాళ్ల ఇంటా వంటా లేదు. ఇంటి ముందరి నూతిలో నీళ్లు చేది, నాలో నింపి, తొణక్కుండా పైన ఒక జామాకు వేసి తెచ్చేది ఇసియాంగ్.

ఆవిడకు ఒక తమ్ముడు, తాస్యో. తల్లి పోతే చంకనెత్తుకుని పెంచింది. ఒకనాడు అతను పట్నం నుంచి వగరుస్తూ వచ్చాడు.

"విన్నావా బావా, స్పెయిన్ వాళ్లు మనల్ని అమెరికా వాళ్లకి అమ్మేశారట!"

"అమ్మడమేంట్రా, మనం గొడ్లమా? విడిపిస్తామని కదా వాళ్లొచ్చింది!" అన్నాడు గోరియో.

"విడిపించారుగా. వాళ్ల చేతుల్లోంచి వీళ్ల చేతుల్లోకి."

ఇసియాంగ్‌కు నవ్వొచ్చింది. తాస్యో నవ్వలేదు. తుపాకీ పుచ్చుకుని కొండల్లో పోరాడుతున్న వాళ్లతో కలిశాడు. రెండు వానాకాలాల తర్వాత కాలికి గుండు తగిలి, ఈడ్చుకుంటూ వచ్చి, ఊరి వెనక పాడుపడ్డ సున్నపు బట్టీలో దాక్కున్నాడు. ఆ సంగతి అక్కకూ బావకూ తప్ప మూడో మనిషికి తెలియదు. గోరియో రోజూ నాలో అన్నం పెట్టి, పైన కుడితి తొట్టి మూతేసి, పందికి తీసుకెళ్తున్నట్టు పట్టుకెళ్లి తినిపించి వచ్చేవాడు. నేను మనిషిని కాను కాబట్టి నన్ను లెక్కలో వేసుకోలేదు.

అమెరికా సిపాయిలు వచ్చింది మిట్టమధ్యాహ్నం. ఎండకు మొహాలు కందిపోయి ఉన్నాయి. వాళ్ల మాట చెవిన పడగానే నా ప్రాణం లేచొచ్చింది. పుట్టింటి భాష కదండీ! మావాళ్లు వచ్చారని వెర్రిదానిలా మురిసిపోయాను. వాళ్లతో పొరుగూరి దుబాసీ ఒకడున్నాడు.

"నీళ్లు తెమ్మంటున్నారమ్మా," అన్నాడు, తల దించుకునే.

"పాపం, ఎండన పడి వచ్చారు. ఎవరైతేనేం, దాహానికి పగేమిటి?" అంటూ ఇసియాంగ్ నన్ను బూడిదతో తోమి, అంచుదాకా నింపి, జామాకు వేసి, చేతిలో కొబ్బరిచిప్పతో సహా తెచ్చింది. ఒక కుర్ర సిపాయి ఒక చిప్పెడు తాగి, "మా అమ్మ కూడా ఇలాగే ఇస్తుంది," అన్నాడు. అని, వెళ్లి గోరియో కుడిచేతి మీద కూర్చున్నాడు.

అప్పటికే తక్కినవాళ్లు గోరియోను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ అదిమిపట్టారు. పళ్ల మధ్య వెదురుముక్క దూర్చారు. నన్నెత్తి నోట్లోకి వంచారు. మనిషి కడుపు అలా ఉబ్బుతుందని నాకు తెలియదు. ఉబ్బిన కడుపు మీద మోకాలు పెట్టి నొక్కితే నీళ్లు ముక్కులోంచి, నోట్లోంచి బయటికొచ్చాయి.

"నీ బావమరిది ఎక్కడ?" దుబాసీ అడిగాడు.

గోరియో తల అడ్డంగా ఊపాడు. అతని చూపు భార్య మీదే ఉంది. నీ తమ్ముడికి ఏమీ కాదులే అన్నట్టు.

"ఇంకో డబ్బా తెమ్మంటున్నారు."

ఇసియాంగ్ నన్ను తీసుకుని నూతి దగ్గరికి వచ్చింది. "ఛీ! నా చేతులతో నేనే తెచ్చిచ్చానే!" అని నన్ను నూతిలోకి విసిరికొట్టింది. మునుగుతూ ఉంటే నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. పీడ విరగడైంది, ఇక పొయ్యడానికి డబ్బా లేదు అనుకున్నాను.

ఎంత పిచ్చిదాన్ని! మా నూనె కంపెనీ ఆ దీవుల్లో డబ్బా లేని ఇల్లు మిగిల్చిందా? పక్కింటి డబ్బా వచ్చింది. ఎదురింటిది వచ్చింది. ఒక్కొక్కటే తాడు కొసన దిగి, నా పక్కనే బుడుంగున మునిగి, నిండి, పైకి పోయింది. తుపాకీ వీపుకు ఆనించి తోడించింది ఎవరిచేతనో తెలుసా? ఇసియాంగ్ చేతనే.

గోరియో మూలుగు ఆగిపోయింది. తెలివి తప్పింది కాబోలు. అయినా మరో డబ్బా దిగింది. అది సగంలో ఆగింది. పైన ఇసియాంగ్ గొంతు, దుబాసీతో గుసగుసగా:

"అయ్యా, చచ్చిపోతాడయ్యా. ఆపమను. సున్నపు బట్టీలో ఉన్నాడు మా తమ్ముడు. నేను చెప్పానని మాత్రం ఎవరితో అనకు, నీకు దణ్ణం పెడతాను."

దుబాసీ మాట తప్పలేదు. "మనిషన్నవాడు ఎంతసేపని ఓర్చుకుంటాడు? గోరియో చెప్పేశాడు," అన్నాడు అందరితో. తాస్యోను ఆ సాయంత్రమే ఉరితీశారు. మర్నాటి నుంచి నూతి దగ్గర ఆడవాళ్లు గోరియో నీడ పడితే కడవ కడుక్కునేవారు. అందుకే అతను జనం లేని వేళ చూసి నీళ్లకు వచ్చేవాడు. ఒక రోజు ఇసియాంగ్ కూడా వెంట వచ్చింది.

"ఇసియాంగ్, నాకేమీ గుర్తులేదే. నోరు జారానేమో. నీ తమ్ముణ్ణి చంపుకున్నాను. నన్ను క్షమించు," అంటూ బావురుమన్నాడు గోరియో. గొంతు పాడైపోయి గరగరలాడుతోంది.

ఆవిడ నూతి గట్టు మీదికి వంగింది. "నువ్వు చెప్పలేదు. నేను చెప్పాను. నిన్ను పోగొట్టుకోలేక చెప్పాను."

కొడతాడనుకున్నాను. అతను చేద తాడు లాగాడు, అది రాతికి ఒరుసుకుంది.

"ఇంకెవరితోనూ అనకు," అన్నాడు చివరికి. "నేనే అనుకుంటున్నారు. అలాగే అనుకోనీ."

ఆ తర్వాత అతను ఎక్కువ కాలం బతకలేదు. లోపల ఏదో చెడిపోయింది. ఈలోగా మా పుట్టింటివాళ్లు ఊళ్లో బడి పెట్టి, పిల్లలకు మంచీ మర్యాదా నేర్పడం మొదలుపెట్టారు. గోరియో పోయినప్పుడు శవపేటిక మొయ్యడానికి నలుగురు మగాళ్లు ముందుకు రాలేదట. ముందు కొస ఇసియాంగే భుజానికెత్తుకుందట. దారి పొడుగునా గుండెలు బాదుకుంటూ ఏడ్చిందట.

"విడ్డూరం కాకపోతే, తమ్ముణ్ణి పట్టిచ్చిన మొగుడి కోసం అంత ఏడుపేమిటమ్మా!" అని నూతి దగ్గర ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.