సగం నిజం కింద నీలం గీత

ఆవిడకు చెల్లెలంటే కుళ్ళు. చుట్టూ తిప్పి చెప్పడమెందుకు, ఉన్నమాట అనేసుకుంటే పోతుంది. పైకి మాత్రం "మా చెల్లెలండీ, వీడియో గేములు తయారుచేస్తుంది" అని ఆఫీసులో అందరికీ నవ్వుతూనే చెప్పేది. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడేదో ఆవిడ పళ్ళకే తెలియాలి.

ఆవిడ ఓ దినపత్రికలో గేముల పేజీ చూసే విలేకరి. ప్రతి గురువారం 'రెండు వార్తలు' అని ఒక శీర్షిక రాసేది. ఒకే గేము మీద వచ్చిన రెండు కథనాలను పక్కపక్కన పెట్టి, ఏది నమ్మదగ్గదో, ఏది కావాలని ఒకవైపు ఒరిగిందో తేల్చిపారేసేది. దానికో పద్ధతుంది. రెండింటినీ కాగితం మీద ప్రింటు తీసుకుంటుంది. ఎవరు చెప్పారో, వాళ్ళకెలా తెలుసో కనుక్కుని, నిజమని తేలిన వాక్యం కింద నీలం పెన్సిలు గీత. గాలికబుర్ల కింద ఎర్ర గీత. ఎర్రగీతలు ఎక్కువైతే ఆ రాసినవాడికి మూడినట్టే. పిల్లలకు ఏ గేము ఇవ్వచ్చో, ఏది కూడదో ఆ శీర్షిక చూసి నిర్ణయించుకునే బడులు కూడా ఉండేవి.

బయట ఇంత పేరున్న మనిషిని ఇంట్లో పట్టించుకునే నాథుడు లేడు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. కుర్చీలో తను, పక్కన నిలబడి "అక్కా, ఒక్కసారి, ఒక్కసారే" అని చెల్లెలు. ఆ వేళ్ళు పట్టుకుని ఏ మీట ఎందుకో నేర్పింది తనే. ఆ చెల్లెలే ఇప్పుడు 'చీమల కోట' అని ఓ గేము చేసింది. పుట్ట కట్టుకోవాలి, గింజలు మోయాలి, వానొస్తే గుడ్లను పై అరలకు చేర్చాలి, పక్క పుట్ట చీమలు మీదికొస్తే తరిమికొట్టాలి. అంతే ఆట. పిల్లలు వెర్రెత్తిపోయారు. పిల్లలేమిటి, ఫోనెత్తి హలో అనడమే తప్ప ఏమీ తెలియని అమ్మ కూడా చీమల్ని పెంచడం మొదలెట్టింది.

"దాని బుర్రే బుర్రనుకో! నువ్వూ అలాంటిదేదైనా చెయ్యకూడదుటే? ఎంతసేపూ వాళ్ళూ వీళ్ళూ రాసింది దిద్దుకుంటూ కూర్చోకపోతే" అంది అమ్మ ఓ ఆదివారం, భోజనాల దగ్గర.

ఆవిడ కంచం పక్కకు జరిపేసింది. నలభై గంటలు ఆడితే గానీ ఏ గేము గురించీ ఒక్క ముక్క రాయని మనిషి, చెల్లెలి గేమును ఇంతవరకూ తెరిచి చూడలేదు. బాగుంటుందేమోనని భయం.

ఓ మంగళవారం పొద్దున ఎడిటరుగారు రెండు ప్రింట్లు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఈ వారం ఇవేనమ్మా. మీ చెల్లెలి గేము. ఇబ్బందనుకుంటే వేరేవాళ్ళకిస్తాను."

"అబ్బే, ఇబ్బందేముందండీ! చుట్టరికం సంగతి మొదటి లైన్లోనే చెప్పేస్తాను. నా పెన్సిళ్ళకు చుట్టాలూ పక్కాలూ లేరు" అందావిడ.

సంగతేమిటంటే, ఓ బళ్ళో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. ఒకడి పన్ను ఊడింది. దాని మీద టీవీ చానల్లో ఒక కథనం, ఓ చిన్న వారపత్రికలో మరో కథనం వచ్చాయి. చానల్ది 'చీమల ఆటతో పిల్లలకు యుద్ధపిచ్చి' అని అరిచే రకం. రాసినవాణ్ణి విలేకరులంతా మైకాసురుడు అంటారు. వారపత్రిక పిల్ల మాత్రం బడికి వెళ్ళింది, టీచరుతో మాట్లాడింది, ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి అడిగింది. కొట్లాట కిటికీ పక్క సీటు కోసమట. పన్ను ఊడగొట్టినవాడు ఆ గేము మొహమే చూడలేదట.

శుక్రవారం బడుల సంఘం సమావేశం. గేమును బడి కంప్యూటర్లలో ఉంచాలా, పీకేయాలా అని తేలుస్తారు. వాళ్ళ చేతుల్లో ఉండబోయేది ఈ గురువారం శీర్షికే. పీకేస్తే చెల్లెలి ఆఫీసుకు తాళమే, అందులో పనిచేసే తొమ్మిదిమందీ రోడ్డున పడాల్సిందే.

ఆవిడ ముందు చానల్ కథనం తీసింది. 'నిపుణులు హెచ్చరిస్తున్నారు' అని ఉంది. నిపుణులంటే ఒక్క డాక్టరు. ఫోన్ చేస్తే ఆయన లబోదిబోమన్నాడు. "నేనా గేము చూడనే లేదమ్మా! పిల్లలకు ఫోన్లు మంచివేనా అంటే కాదన్నాను, అంతే!" ఎర్ర గీత. 'తల్లిదండ్రుల్లో ఆగ్రహజ్వాలలు.' ఏ తల్లి, ఏ తండ్రి? ఎర్ర గీత. ఇలా గీసుకుంటూ పోతుంటే ఒక వాక్యం దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

'ఈ గేము తయారుచేసినావిడ తన కన్నకూతుర్నే దాన్ని ముట్టుకోనివ్వడం లేదని ఆమె దగ్గరి బంధువు ఒకరు మాకు చెప్పారు.'

ఆ దగ్గరి బంధువు తనే.

పది రోజుల క్రితం ఏదో ప్రెస్ మీట్ అయ్యాక మైకాసురుడు కాఫీ కప్పుతో వచ్చి పక్కన చేరాడు. "మీ చెల్లెలుగారు దుమ్ము దులిపేశారండీ! మా ఇంట్లో పిల్లలకు ఆవిడే దేవత" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. "దేవతే గానీ, సొంత కూతుర్ని మాత్రం ఆ గేము తాకనివ్వదు లెండి" అనేసింది. అబద్ధం కాదు. పాపకు ఆరేళ్ళు. కంటికి ఆపరేషన్ అయింది, రెండు నెలలు ఏ తెరా చూడకూడదన్నారు. ఆ రోజు ఆసుపత్రి బెంచీ మీద "పెద్దమ్మా, నొప్పి పుడుతుందా?" అని అడిగిన పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది కూడా తనే. ఆ సగం మాత్రం మైకాసురుడికి చెప్పలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? తన పద్ధతే తనను అడిగింది. ఎవరు చెప్పారు? ఇంటిమనిషి. ఎలా తెలుసు? కళ్ళారా చూసింది. నిజమా? అక్షరాలా నిజం. ఆవిడ నీలం పెన్సిలు తీసి, స్కేలు పెట్టి మరీ గీసింది. అన్ని ఎర్రగీతల మధ్య అదొక్కటీ నీలంగా ఉంది. 'అతి చేసినా, ఈ కథనంలో కొట్టిపారేయలేని నిజం ఒకటుంది' అని కంప్యూటర్లో కొట్టింది. చెప్పకూడదు గానీ, హాయిగా ఉంది.

పద్ధతి ప్రకారం రెండోవైపు కూడా అడగాలి. చెల్లెలికి ఫోన్ చేసింది.

"పత్రిక తరఫున అడుగుతున్నాను. నీ కూతుర్ని ఆ గేము ఆడనివ్వడం లేదన్నది నిజమేనా?"



"నిజమే అక్కా."

"ఇంకేమైనా చెబుతావా?"

"ఏం చెప్పను? కారణం చెబితే దాని కన్ను పేపర్లోకెక్కుతుంది. ఇప్పటికే బళ్ళో కళ్ళజోడని ఏడిపిస్తున్నారు. ఆఫీసు పోతే పోయింది, పాప జోలికి మాత్రం వద్దు. నీకు తెలుసుగా, నువ్వెలా రాస్తే అలాగే."

ఫోన్ పెట్టేసి, ఆవిడ మొట్టమొదటిసారి చీమల కోట తెరిచింది. మధ్యాహ్నమంతా ఆడింది. వాన మొదలైనప్పుడు గుడ్లు ఎత్తుకుని పరిగెత్తే ఆ బుల్లి చీమల్ని చూసి తనకు తెలియకుండానే "అమ్మో, అమ్మో" అంది. బాగుంది. పాడుది, చాలా బాగుంది! పదేళ్ళు తిప్పలు పడినా తను ఇలాంటిది చెయ్యలేదు. దానికి గేముంది, అమ్మ మెప్పుంది, లోకం చప్పట్లున్నాయి. తనకున్నవల్లా రెండు పెన్సిళ్ళు. ఆ నీలం గీత అలాగే ఉంచితే అవీ దండగే. చెల్లెలికన్నా తను మెరుగని చెప్పుకోవడానికి ఇక ఒక్కటీ మిగలదు. ఆ సంగతి తలుచుకుంటేనే ఆవిడకు ఏడుపొచ్చింది.

కొట్టిందంతా చెరిపేసి మళ్ళీ రాసింది. 'ఆ దగ్గరి బంధువును నేనే. నేను చెప్పింది నిజం. కానీ పాపను ఆడనివ్వకపోవడానికి కారణం ఆ ఇంటి సొంత విషయం, గేముతో దానికేమీ సంబంధం లేదు. అది తెలిసీ దాచాను. నా చెల్లెలంటే నాకు అసూయ, అందుకే దాచాను. వారపత్రిక కథనాన్ని నమ్మండి. చానల్ కథనాన్నీ, అందులోని నా మాటనూ నమ్మకండి.'

ఎడిటరుగారు చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఇది వేస్తే ఈ శీర్షిక ఇక మీ చేతిలో ఉండదమ్మా."

"తెలుసండీ."

"పోనీ, ఆ అసూయ మాట తీసేద్దాం. ఎందుకొచ్చిన గొడవ!"

"అది తీసేస్తే నేనెందుకు దాచానో వాళ్ళకెలా తెలుస్తుందండీ? ఉండనివ్వండి."

గురువారం అచ్చయింది. శుక్రవారం బడుల సంఘం గేమును ఉంచేసింది. సాయంత్రం, ఆవిడ సొరుగు ఖాళీ చేసుకుంటుంటే చెల్లెలి ఫోన్.

"అక్కా, అది నువ్వేనని నాకు మొదటిరోజే తెలుసు. ఆ సంగతి తెలిసింది నీకూ అమ్మకూనే. అమ్మ నోట అలాంటి మాట రాదు."

"మరి మొన్న ఫోన్లో ఒక్క మాటైనా అనలేదేమే?"

"ఏమనాలి? నువ్వు రాయకపోయినా నేనెవరికీ చెప్పేదాన్ని కాదు. అమ్మక్కూడా. ఆదివారం భోజనానికి రా, పాప పెద్దమ్మేదని ఒకటే గోల."

ఆవిడ ఊఁ అని మాత్రం అని ఫోన్ పెట్టేసి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంత పెద్ద మనసు దీనికెక్కడిది? ఒకే ఇంట్లో పుట్టారు, ఒకే తల్లి పెంచింది, ఆ మనసులో పాలు తనకెందుకు దక్కలేదు? ఆ నిమిషాన చెల్లెలి మీద పుట్టిన కుళ్ళు ముందు ఇన్నేళ్ళ పాత కుళ్ళంతా బలాదూరు.