ఎవరికీ ఇవ్వకండి

పొద్దున్న తొమ్మిదిన్నరకి కార్డులమ్మ ఆఫీసు తాళం తీసేది. కిటికీ రెక్కలు తెరిచి, కుర్చీ మీద దుమ్ము దులిపి, నీళ్ళ సీసా బల్ల మీద పెట్టి, అప్పుడు ఇనప బీరువాల దగ్గరికి వెళ్ళేది. ఆ యూనివర్సిటీలో చదివి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు రాసిన కార్డులు అరవై సొరుగుల నిండా ఉండేవి. ఒక్కో సొరుగూ లాగి, కార్డుల అంచుల మీదుగా మెల్లగా అరచెయ్యి నడిపేది. బతికున్నవాళ్ళ కార్డు వెచ్చగా ఉండేది. పోయినవాళ్ళది చల్లబడిపోయేది. చల్లగా తగిలినదాన్ని బయటికి తీసి, మూల మీద తేదీ వేసి, విడిగా అట్టపెట్టెలో పెట్టి, వాళ్ళింటికి యూనివర్సిటీ తరఫున ఓదార్పు ఉత్తరం పంపేది. జ్వరం వచ్చినవాళ్ళ కార్డు కాలేది. వాళ్ళకి "ఒంట్లో జాగ్రత్త" అని రెండు ముక్కలు రాసి పోస్టులో వేసేది.

చలికాలంలో అటెండరు తన టిఫిన్ డబ్బా తెచ్చి ఇంజనీర్ల సొరుగులో పెట్టుకునేవాడు. లాయర్ల సొరుగులో పెడితే ఎంతసేపటికీ వేడెక్కదని అతని ఫిర్యాదు.

అరవై సొరుగుల్లోనూ కార్డులమ్మ ప్రాణమంతా ఒక్క కార్డు మీద ఉండేది. అది ముప్పై ఏడో సొరుగులో చెల్లెలి కార్డు. దాన్ని అన్నిటికన్నా ఆఖరున ముట్టుకునేది. అది వెచ్చగా ఉందని తెలిశాకే టీ తాగేది.

చెల్లెలు ఇక్కడే, హాస్టల్లో ఉండి చదువుకుంది. ఆఖరి ఏడాది పరీక్షలు జరుగుతుండగా సొంతూళ్ళో తల్లి మంచాన పడితే, అక్క ఈ ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళి దగ్గరుంది. తెలిస్తే పరీక్షలు పాడుచేసుకుంటుందని అక్క కబురు చెయ్యలేదు. చివరి పరీక్ష రాసి నవ్వుకుంటూ ఇంటికొచ్చిన పిల్లకి ఖాళీ మంచం కనపడింది. "నాకేం తెలియాలో, ఏం తెలియకూడదో తేల్చడానికి నువ్వెవరక్కా?" అని ఒక్క మాట అడిగి, బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్ళి ఇరవై రెండేళ్ళు.

అక్కకి ఒక్క ఉత్తరం రాయలేదు. కానీ ఇల్లు మారినప్పుడల్లా యూనివర్సిటీకి మాత్రం అడ్రసు మార్పు ఫారం నింపి పంపేది. అలా తొమ్మిది ఫారాలు వచ్చాయి. ఊళ్ళు మారాయి గాని చేతిరాత మారలేదు. ప్రతి ఫారంలోనూ అడుగున "నా వివరాలు ఎవరికీ ఇవ్వకండి" అన్న గడిలో ఇంత లావున టిక్కు పెట్టేది.

కార్డులమ్మ కొత్త అడ్రసు కార్డు మీదికి ఎక్కించేది. కొత్త నంబరు ఎక్కించేది. ఎక్కించేలోపే అవి కంఠతా వచ్చేసేవి. అయినా ఒక్కనాడూ ఫోన్ చెయ్యలేదు. ఇచ్చింది యూనివర్సిటీకి, తనకు కాదు. 'ఎవరికీ' అంటే తనకు కూడా. చెల్లెలి బదులు ఒకసారి తాను తేల్చినందుకు అనుభవిస్తున్నది చాలు, పిలవనిదే ఆమె గడప తొక్కకూడదని ఒట్టు పెట్టుకుంది. దాన్ని మంచితనమనాలో మొండితనమనాలో చెప్పలేం గాని, మనిషి మాత్రం ఒట్టు తప్పలేదు.

ఆ ఏడు కొత్త రిజిస్ట్రార్ వచ్చాడు. వస్తూనే ఆరోగ్య పాలసీలు అమ్మే ఒక కంపెనీతో చేతులు కలిపాడు. పాత విద్యార్థుల వివరాలు కంపెనీకిస్తే, కంపెనీ యూనివర్సిటీకి కొత్త సభాభవనం కట్టిస్తుందట. ఉత్త జాబితా వాళ్ళకి అక్కర్లేదట, కార్డులే కావాలట. ముట్టుకుని చూస్తే ఎవరికి పాలసీ అమ్మాలో, ఎవరి జోలికి పోకూడదో ఇట్టే తెలిసిపోతుంది కదా!

"సార్, ఎవరికీ ఇవ్వద్దని టిక్కు పెట్టినవాళ్ళే రెండువేల మంది ఉన్నారండి" అంది కార్డులమ్మ.

"భాగస్వామి పరాయివాడెలా అవుతాడమ్మా? మనలో మనిషే."

"మనల్ని నమ్మి ఇచ్చారండి వాళ్ళు."

"నమ్మారు కాబట్టే కదా, మన పేరు చెబితే ఫోన్ పెట్టెయ్యరు" అన్నాడాయన సంతోషంగా. అందులో తప్పేమిటో ఆయనకి నిజంగానే తెలియలేదు.

మర్నాడు కార్డులన్నీ అట్టపెట్టెల్లోకి సర్దారు. ముప్పై ఏడో సొరుగు దగ్గర కార్డులమ్మ చెయ్యి ఆగింది. ఆ ఒక్క కార్డూ తీసి చేతిసంచిలో వేసుకుంటే అడిగే నాథుడు లేడు. దాన్ని రెండు చేతుల మధ్యా పెట్టుకుని కాసేపు నిలబడింది. ఇంటికి పట్టుకుపోతే సొంతానికి వాడుకున్నట్టే కదా అనుకుంది. మిగతావాటితో పాటు పెట్టెలో పెట్టేసింది. అటెండరు పెట్టెకి టేపు చుట్టాడు.

ఆ తరవాత ఆమెకు పనేమీ లేదు. పొద్దున్నే వచ్చి ఖాళీ సొరుగులు లాగి చూసి మూసేది. ఉన్నట్టుండి చల్లగాలి వీస్తే ప్రాణం జల్లుమనేది. చెల్లెలు బాగానే ఉండి ఉంటుందిలే అని తనకు తానే చెప్పుకునేది. చెప్పుకోవడమే గాని తెలియడం లేదు.

నెలాఖరున కంపెనీ నుంచి ఒకావిడ రెండు సంచులు మోసుకొచ్చేది. నలభై దాటిన మనిషి, రోజంతా ఫోన్లు చేసి చేసి గొంతు బొంగురుపోయింది. ఒక సంచిలో చల్లబడిపోయిన కార్డులు, రెండోదాంట్లో మరీ కాలుతున్నవి. రెండూ కంపెనీకి పనికిరానివే. కార్డులమ్మ ముందు చల్లటివన్నీ తిరగేసేది. చెల్లెలి పేరు లేదని తేలాక, ఆ ఫోన్లావిడకి కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చేది.

నాలుగో నెల కూడా చల్లటివాటిలో చెల్లెలి కార్డు లేదు. వేడివాటి సంచిలో చెయ్యి పెట్టగానే వేళ్ళు చురుక్కుమన్నాయి. బయటికి తీస్తే, తన చేత్తో తొమ్మిది అడ్రసులు కొట్టేసి రాసిన కార్డు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"పదిరోజులవుతుందేమో మేడమ్. నెలాఖరుకే కదా వెనక్కి తేవాలి, పెట్టెలో పడుంది" అంది ఫోన్లావిడ. కార్డు మీద పేరు చూసి ఆమె మొహం మారింది. "అయ్యో, ఈవిడా! అందరూ నేను హలో అనగానే తిట్టి పెట్టేస్తారు మేడమ్. ఈవిడొక్కతే చివరిదాకా వినేది. పాలసీ మాత్రం తీసుకోదు. అంతా విని, 'నా నంబరు మీకెవరిచ్చారండీ?' అంటుంది. యూనివర్సిటీవాళ్ళు అంటాను. 'యూనివర్సిటీలో ఎవరు? కార్డులు చూసే ఆవిడ ఇచ్చిందా? నాకేమైనా చెప్పమందా?' అంటుంది."

కార్డులమ్మ కార్డుని బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"'ఆ వివరాలు మా దగ్గర ఉండవు' అని చెప్పమని మాకు కాగితం మీద రాసిచ్చారు. నేనదే చెప్పాను. మళ్ళీ చేస్తే మళ్ళీ ఎత్తేది, మళ్ళీ అదే అడిగేది. ఓ పదిహేనుసార్లు అడిగి ఉంటుంది. మీరేనా మేడమ్, ఆ కార్డులు చూసేది?"

కార్డులమ్మ ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మూడుసార్లు చేసింది. బీరువా తాళాలు బల్ల మీద పడేసి, రిజిస్ట్రార్‌కి ఒక్క మాటైనా చెప్పకుండా బస్‌స్టాండుకి పరుగెత్తింది.

బస్సులో ఐదు గంటలూ కార్డుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూనే ఉంది. నా సొరుగులో ఉంటే మొదటి రోజే తెలిసేది, నా సొరుగులో ఉంటే మొదటి రోజే తెలిసేది. ఇదొక్కటే మాట బుర్రలో గిర్రున తిరిగింది. పక్క సీటులో ఆయన "వంట్లో బాలేదా అమ్మా?" అని అడిగితే తల అడ్డంగా ఊపి ఏడ్చేసింది.

మూడో అంతస్తులో చెల్లెలి ఇంటి తలుపు చేరేసి ఉంది. తట్టింది. లోపలి నుంచి దగ్గు, దగ్గు మధ్యలో మాట.

"ఏ కంపెనీ అండీ? నాకేం వద్దండీ."

"కంపెనీ కాదే. నేనే."

దగ్గు ఆగింది. "అడ్రసు నీకెవరిచ్చారు?"

"నువ్వే. తొమ్మిదిసార్లిచ్చావు" అంది కార్డులమ్మ, తలుపు తోసి.

మంచం మీద దుప్పటి కింద నెరిసిన జుట్టుతో ఒక చిన్న మొహం. పిడికెడు మనిషి అయిపోయింది. అక్క మంచం పక్కన కూలబడి ఆ నుదుటి మీద చెయ్యి వేసింది. కార్డు ఎంత కాలుతోందో నుదురూ అంతే కాలుతోంది.

"మరి ఆ టిక్కెందుకు పెట్టావే? ఎవరికీ ఇవ్వకండని అంత లావున?"

"నువ్వు తప్ప ఇంకెవరూ రాకూడదని" అంది చెల్లెలు. "ఎంత పిచ్చిదానివక్కా. ఫారం చూసేది నువ్వని నాకు తెలియదూ?"

అక్క బావురుమంది. ఇరవై రెండేళ్ళు కార్డు ముట్టుకుని టీ తాగిన తన తెలివికి, తన ఒట్టుకి, తన నిజాయితీకి తల బాదుకుని ఏడ్చింది. చెల్లెలు దగ్గుతూనే ఆమె చెయ్యి పట్టుకుని లాగింది.

సాయంత్రానికల్లా ఆసుపత్రిలో చేర్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, అక్కని వరండాలోకి పిలిచి, ఊపిరితిత్తులు రెండూ నిండిపోయాయంది. "వారం ముందు తీసుకొచ్చి ఉంటే ఏదో చేసేదాన్నమ్మా. ఇన్నాళ్ళూ ఎవరూ చూసుకోలేదా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున చెల్లెలికి కాస్త తెలివిగా ఉంది. "అక్కా, అమ్మ ఆఖరి రోజులు చెప్పు. ఏదీ దాచకు" అంది.

అక్క దాచలేదు. ఏ రోజు జ్వరం ఎంత ఉందో, ఏం తాగిందో, ఏం తాగనందో, ఏ పాట వినిపించమందో, ఎవరి మీద విసుక్కుందో, నర్సుని ఏమని తిట్టిందో అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తిట్టు విని చెల్లెలు పొలమారేదాకా నవ్వింది.

"నన్నడిగిందా?"

అబద్ధం చెప్పడానికి అక్కకి నోరు రాలేదు. "అడిగిందే. రోజూ అడిగింది. పరీక్షలు కాగానే వచ్చేస్తుందని చెప్పాను."

చెల్లెలు కిటికీ వైపు చూసింది. కన్నీళ్ళు చెంప మీదుగా దిండులోకి జారాయి.

"నేనూ అడిగానక్కా. ఆ ఫోన్లో ఆవిడని."

"తెలుసే."

"రోజూ ఎదురు చూశాను."

అక్క ఆమె చేతిని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుంది. కార్డు సంచిలో ఎక్కడో ఉంది, ఇక దాన్ని చూడాలనిపించలేదు. మధ్యాహ్నం మూడు దాటాక ఆ చెయ్యి వేళ్ళ దగ్గర మొదలై మెల్లగా చల్లబడింది. నర్సు వచ్చి రెండుసార్లు భుజం తట్టింది. అక్క చెయ్యి వదల్లేదు. అమ్మ గురించి ఇంకా చెప్పవలసింది ఉంది, చెబుతూనే ఉంది.