రాప్ గారి గంటపువ్వు

మా అన్నయ్య గొట్‌హోల్ట్ హేగెలె మొక్కల శాస్త్రంలో పెద్ద ప్రొఫెసర్. ఆల్బ్ కొండల్లో ఆయన ఎక్కని రాయి లేదు, తెంపని మొక్క లేదు. తెచ్చినవాటిని కాగితాల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, అవి ఎండేదాకా రోజూ తడి కాగితాలు తీసి పొడివి పెట్టడం నా పని. మా ఆయన పోయాక అన్నయ్య ఇంటికొచ్చి చేరినదాన్ని, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? పొయ్యి పక్కన నా రొట్టెపిండికి చోటుండేది కాదు గానీ ఆయన గడ్డికి మాత్రం ఎప్పుడూ ఉండేది.

ఇంత తిరిగినా, లోకానికి ఆయన కొత్తగా చూపించిన మొక్క ఒక్కటే. వేలెడంత కూడా లేని నీలి గంటపువ్వు. కొండ అంచున సున్నపురాతి పగుళ్ళలో పూస్తుంది. దానికి తన ప్రాణస్నేహితుడు, మా ఊరి మందుల షాపాయన ఇమ్మానుయేల్ రాప్ పేరు పెట్టాడు. ఈ శాస్త్రంలో ఒక చిక్కుంది. పేరు పెట్టి అచ్చు వేయించాక, ఆ మొక్క వేరే జాతి కాదని తేలితే తప్ప, పెట్టినవాడు కూడా దాన్ని వెనక్కి తీసుకోలేడు. స్నేహం చెడిందని మార్చడం కుదరదు.

స్నేహం చెడనే చెడింది. తప్పు మా అన్నయ్యదే, ఎవరడిగినా ఇదే చెబుతాను. రాప్ గారి భార్య లూయిసె పోయినప్పుడు శవపేటిక మొయ్యాల్సినవాళ్ళలో అన్నయ్య ఒకడు. ఆ పొద్దున, ఆ వారం దాటితే దొరకని ఏదో పువ్వు కోసం "ఇప్పుడే వచ్చేస్తా" అని కొండెక్కాడు. దిగి వచ్చేసరికి సమాధి పూడ్చేశారు. భుజాన మొక్కల డబ్బాతో, బురద బూట్లతో శ్మశానం గేటు దగ్గర నిలబడ్డాడు.

రాప్ గారు అందరి ముందూ అన్నారు: "ఆ పువ్వు వచ్చే ఏడూ పూస్తుంది హేగెలె. నా లూయిసె మళ్ళీ చావదు."

క్షమించమని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మావాడు గిరుక్కున తిరిగాడు. సిగ్గు ముదిరి కోపమైంది. "అందరి ముందూ అనాలా?" అంటూ ఇంటికొచ్చి నా మీద ఎగిరాడు. ఇక అప్పట్నించీ ఇద్దరూ అదే బీరుకొట్టులో వీపులు తిప్పుకుని కూర్చునేవారు. ఎక్కడెక్కడి పండితులో ఇంటికొచ్చి ఆ గంటపువ్వు పేరడిగితే, "రాప్" అనాల్సిన చోట అన్నయ్యకు దగ్గొచ్చేది. నేను వంటింట్లోంచి ఆ పేరు గట్టిగా అందించేదాన్ని. ఎందుకు ఊరుకోవాలి?

అలా ఏళ్ళు గడిచాక, మొన్న వేసవిలో డాక్టర్ ఫైట్ అనే కుర్ర పండితుడు కుండీ పట్టుకుని దిగాడు. అందులో మోకాలెత్తు గంటపువ్వు మొక్క. పొలం గట్ల మీద ఎక్కడ పడితే అక్కడ పూసే రకం.

"ప్రొఫెసర్ గారూ, ఏమీ అనుకోకండి," అన్నాడు. "ఇది మీ రాప్ గంటపువ్వు విత్తనమేనండీ. మంచి మట్టిలో వేస్తే ఇలా పెరిగింది."

"అంటే?"

"అంటే... అది వేరే జాతి కాదండీ. రాతిలో తిండి చాలక గిడసబారిన మామూలు మొక్కే. ఈ సంగతి పత్రికలో నేను రాసేకన్నా, మీరే రాసి పేరు తీసేస్తే మర్యాదగా ఉంటుందని వచ్చాను."

అన్నయ్య ఆకు తిప్పి చూశాడు, పువ్వు చీల్చి చూశాడు. జీవితమంతా ఎండినవాటిని భూతద్దంలో చూసిన మనిషి. ఒక్క విత్తనం మట్టిలో వేసి చూద్దామని ఏనాడూ తోచలేదు. "నిజమే," అన్నాడు చివరికి.

కుర్రాడు వెళ్ళాక నేను ఊరుకోలేదు. "మంచిదేగా అన్నయ్యా! ఆ పేరు పలకలేక చస్తున్నావు. పీడా వదిలింది."

"వాడికి గుండెజబ్బట పౌలీ. మంచం దిగడం లేదట. షాపు కిటికీలో ఆ పువ్వు బొమ్మ పెట్టుకుని మురుస్తుంటాడు. అదీ నేనే లాక్కోవాలా?"

"అయితే రాయకు."

"రాయకపోతే నేనింకేం ప్రొఫెసర్ని? తెలిసీ అబద్ధాన్ని ఉంచినవాణ్ణవుతా."

ఆ ముఖం చూస్తే జాలేసింది. "అయితే ముందు ఆయనకే చెప్పు. పరాయివాళ్ళ నోట వినే ఖర్మ పట్టించకు," అన్నాను. మసూరు పప్పు గిన్నె ఒకటి చేతబట్టుకుని నేనే వెంట నడిచాను. లేకపోతే దారిలో ఏ మొక్కో చూసి ఆగిపోడూ?

రాప్ గారు షాపు వెనక గదిలో దిండ్లకు ఆనుకుని ఉన్నారు. సగమైపోయారు. నాలుక మాత్రం తగ్గలేదు.

"ఓహో, ప్రొఫెసర్ గారే! ఏం, ఈ వారం కొండ మీద ఏమీ పూయలేదా?"

అన్నయ్య టోపీ నలుపుతూ, "రాప్ గారూ, ఆ గంటపువ్వు... వేరే జాతి కాదండీ," అన్నాడు.

"తెలుసు."

"ఫైట్ ఇక్కడికీ వచ్చాడా?"

"ఫైట్ ఎవడు? ఆ కిటికీలోంచి చూడు."

చూశాం. పెరట్లో గోడ పొడుగునా మోకాలెత్తున నీలిగంటలు ఊగుతున్నాయి.

"లూయిసె పోయిన మరుసటి ఏడు కొండ మీంచి విత్తనం తెప్పించా, ఆమె సమాధి మీద వేద్దామని," అన్నారు రాప్ గారు. "ముందు ఇక్కడ మొలిపిస్తే ఇదిగో, ఇలా ఎదిగి కూర్చున్నాయి."

"అప్పట్నించీ తెలుసా? నన్ను ఊరందరి ముందూ నవ్వులపాలు చెయ్యొచ్చుగా. ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు చెబుతానురా పిచ్చోడా?" అన్నారాయన. "నువ్వా నా ముఖం చూడవు. ఒకప్పుడు నేను నీ స్నేహితుణ్ణని ఎక్కడైనా రాసుందంటే ఆ ఒక్క పేరులోనే. దాన్ని నా చేత్తో నేనే చెరుపుకోనా?"

అన్నయ్య మంచం అంచున కూలబడ్డాడు. "ఆ రోజు నేను రావాల్సింది ఇమ్మానుయేల్. లూయిసెను మొయ్యాల్సింది. తప్పయిపోయిందిరా, క్షమించు."

 రాప్ గారు అన్నయ్య చెయ్యి పట్టుకున్నారు. "సరే, ఇక వెళ్ళి చెరిపెయ్. నువ్వే వచ్చావు, ఇంకా ఆ పేరెందుకు?"

పప్పు వేడిచేసి తెస్తానని వంకపెట్టి వాళ్ళ వంటింట్లోకి పోయాను. ఆ పొయ్యి ముందు నిలబడి తనివితీరా ఏడ్చాను.