పండబెట్టిన పొయ్యి

రాధాబాయి మొగుడు భోజన్నకు అనుమానం తప్ప వేరే రోగం లేదు. అదైనా ఎప్పుడూ ఉండేది కాదు. నాలుగు రోజులు నయమై మళ్లీ తిరగబెట్టేది. పాలు పలచబడితే బర్రె మీద, చెప్పు కనపడకపోతే కుక్క మీద. చెప్పు కాలికే ఉందని తేలిన రోజు కూడా, కుక్కే తెచ్చి తొడిగిందేమోనని దానివైపు ఒకసారి చూశాడు. ఈ సంగతి పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదని ఆమెకు ఇప్పటికీ కినుకే.

ఈసారి కుక్కతో పోలేదు. కోటగిరి అవతల వాళ్ల చెరుకుతోటలో ఆ ఏటి ఆఖరు బెల్లం పాకం ముందురోజే దించారు. తెల్లవారి వచ్చి చూస్తే గానుగ పక్కనున్న పిప్పి కుప్ప బూడిదైంది. కొట్టం కప్పు సగం కాలిపోయింది.

"ఇది పోశిగాని పనే," అన్నాడు భోజన్న. పోశన్న అతని సొంత తమ్ముడు. గానుగా, పొయ్యీ, కొట్టమూ ఇద్దరికీ ఉమ్మడివి. "పోయినేడు కాలువ నీళ్ల కాడి లొల్లి సల్లారిందనుకున్నం. యాడ సల్లారింది? లోపల్లోపల రాజుకుంటనే ఉన్నది. గిప్పుడు మర్లబడ్డది."

"కొట్టంల ఆయనకూ సగం ఉన్నది గద. తనది తనే కాలవెట్టుకుంటడా?"

"కాలింది ఏ సగమో సూడు! నాదే."

ఆ కొట్టాన్ని ఎవరూ గీత గీసి పంచుకోలేదు.

భోజన్న రుమాలు తలకు చుట్టుకుంటున్నాడు. పోలీసు పటేలు దగ్గరికి పోతాడట. పోయాడంటే పోశన్నను చావడిలో కూర్చోబెడతారు, గానుగ పంపకానికి వస్తుంది, ఆ ఇంటి పిల్లలు ఈ ఇంటి గడప తొక్కరు. నీళ్ల లొల్లి అప్పుడు ఆ వానాకాలమంతా రాధాబాయి తోడికోడలితో మాట్లాడలేదు. అత్త గురించి చెప్పుకోవాల్సిన సంగతులు కడుపునిండా పోగుపడ్డాయి గానీ వినే మనిషి లేకపోయింది. ఆ కష్టం మళ్లీ పడటం ఆమె వల్ల కాదు.

అనుమానం అంటురోగం కాబోలు, ఇప్పుడు ఆమెకూ పట్టుకుంది. కాకపోతే మొగుడి మీద.

"పొయ్యి మీద నీళ్లు కొట్టిండ్రా?"

"కొట్టక?" అంటూ భోజన్న తల్లి వైపు చూశాడు. సాయవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ ఇంట్లో ఆఖరు పాకం పొయ్యిని ఆర్పరు. ఏడాది అన్నం పెట్టిన తల్లి మీద నీళ్లు కొడతారా అంటుంది సాయవ్వ. పసుపు కుంకుమ పెట్టి, పాలు చిలకరించి, బూడిద కప్పి "పండబెడతారు", అంటే నిద్రపుచ్చుతారు. గాలిదుమారాలు లేస్తున్నాయి, పిప్పి పక్కనే ఉంది, ఈసారి నీళ్లు కొడదామని నిన్న పోశన్న అన్నందుకు తల్లీ అన్నా కలిసి అతన్ని తిట్టి పంపారు. అంత తిట్టి, తరువాత ఆ నీళ్లే కొట్టానంటున్నాడు భోజన్న!

ఇంతలో పోశన్న పరుగున వచ్చాడు. "అన్నా, ఎట్ల కాలిందే?"

"నువ్వే చెప్పాలె. పటేలు ముంగట చెప్పు."

పోశన్న మొఖం మాడిపోయింది.

"ఒక చుట్ట కాల్చి పోండ్రి," అంది రాధాబాయి. "పటేలు ఎంతసేపు నిలవెడ్తడో ఏమో."

భోజన్న చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె కోసం తడుముకున్నాడు. దొరకలేదు. అది రాధాబాయి బొడ్లో ఉంది.

"అగ్గిపెట్టె ఎవడు దీసిండు?"

"పొయ్యి ఉన్నది గద," అందామె.

కోతలు మొదలైనప్పటి నుంచీ చేస్తున్న పనే. అతను వంగి పుల్లతో బూడిద కదిపాడు. బూడిద పిండిలా పొడిగా లేచింది. కింద ఎర్రగా నిప్పు కణిక. దాంతో చుట్ట ముట్టించుకుని, రెండు దమ్ములు లాగి, అక్కడే ఆగిపోయాడు.

"పాలు సల్లితి గదరా, పండలేదా?" అని గొణిగింది సాయవ్వ.

భోజన్న కుక్క వైపు చూశాడు. అది లేచి అవతలికి పోయింది.

"నీళ్లు కొట్టలే, పోశిగా," అన్నాడు చివరికి. "నువ్వు చెప్పినట్టే గాలికి లేసింది. తప్పు నాదేరా."